యవనుల ఉత్సవయాత్ర: విందు, విడిది

ఒక దేవుడు ప్రయాణసన్నాహములో ఉన్నాడు. పోవలసినది పాతాళమునకు. ఆ దారిన ఒకసారి పోయి తిరిగి వచ్చిన వీరుడొకడు కలడు. దేవుడు వాని యింటి తలుపు తట్టి ప్రశ్నలు వేయ నారంభించెను. దారిలో రేవులెక్కడ? రొట్టెల అంగళ్లెక్కడ? మంచినీటి ఊటలెక్కడ? నల్లులు తక్కువగా ఉండు పూటకూళ్లమ్మ యిల్లు ఏ ఊరిలో ఉన్నది?

క్రీ.పూ. 405వ సంవత్సరమున ఏథెన్సు నగరమున ఆడిన ‘కప్పలు’ అను ప్రహసనములోని ఘట్టమిది. వ్రాసినవాడు అరిస్టోఫనీసు. దేవుడు ద్రాక్షాసవమునకును నాటకమునకును అధిదేవత యగు డయొనైససు, వీరుడు హెరాక్లీసు. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వియుందురు. ఏలయన, అవి దేవుడు అడుగవలసిన ప్రశ్నలు కావు. ఉత్సవమునకు పోదలచిన ప్రతి గృహస్థుడును తనకంటె ముందు పోయివచ్చిన పొరుగువానిని అడుగునట్టివి. నేడు గ్రీసు దేశమునకు విహారయాత్ర పోదలచినవారును ఆ సంగతులనే విచారింతురు. ఏమి తినవలెను, ఎచ్చట దిగవలెను, ఏవి చూడవలెను, ఏ పండుగనాటికి చేరవలెను? మన పూర్వులు యవనులని పిలిచిన ఆ ప్రాచీన గ్రీకులకు ఇవి నాలుగు వేర్వేరు సంగతులు కావని మా అభిప్రాయము. పండుగయే విందు పెట్టెను. దైవమే విడిది చూపెను. ఆ యేర్పాటు ఎంత గొప్పదో, ఎంత సులభముగా చెడునట్టిదో, రెండును వారి చరిత్రలోనే కనబడుచున్నవి.

గ్రీసు కొండల దేశము. బండ్లు నడచు బాటలు తక్కువ. దూరప్రయాణమునకు సముద్రమే రాజమార్గము. శీతకాలమున గాలివానలకు వెరచి నావికులు నావలను ఒడ్డునకు లాగుకొనెడివారు. కావున పండుగల పట్టికయే ప్రయాణముల పట్టికయు అయ్యెను. ఏథెన్సులో చలికాలపు లెనాయియా పండుగకు ఊరివారే ఉండిరి. వసంతమున జరుగు డయొనైసియాకు ద్వీపముల నుండి నావలు వచ్చెడివి. ‘కప్పలు’ ఆ చలికాలపు పండుగలో ఆడిన నాటకము. ఇల్లు కదలలేని దినములలో ప్రయాణపు ముచ్చటలు వినుట ఒక వేడుకయే కదా!

పండుగలలో పెద్దది ఒలింపియాలోనిది. క్రీ.పూ. 776లో మొదలైనదని వారి లెక్క. నాలుగేండ్లకొకసారి, నడివేసవి దాటిన పిదప ఒక పున్నమి నాటికి జనులు అచ్చట కూడెడివారు. డెల్ఫీలోను నాలుగేండ్లకొకసారి; ఇస్త్మియా, నెమియాలలో రెండేండ్లకొకసారి. ఏథెన్సు చెంతనున్న ఎల్యూసిసునందు ఏటేట శరత్కాలమున జరుగు రహస్యవ్రతమునకు గ్రీకు భాష తెలిసిన వారందరు, స్త్రీలును బానిసలును సహా, అర్హులు.

పండుగ దినమును చాటుటకు ముందుగా దూతలు బయలుదేరి ఊరూర తిరిగెడివారు. ఏ ఊరిలో వారికి ఎవరు ఆతిథ్యమియ్యవలెనో ముందే నిర్ణయమై యుండెను. అట్టి ఆతిథేయుల పేర్లు, ఊర్ల వరుసతో సహా, డెల్ఫీలో రాతిపై చెక్కిన శాసనము మనకు దొరికినది. ఇట్లు పండుగ చాటబోవు దూతలకును, చూడబోవు ప్రతినిధులకును ఒకటే పేరు, ‘థియోరోయ్’. వారి యాత్ర ‘థియోరియా’, అనగా చూచుటకు పోవుట. తరువాత తత్త్వవేత్తలు ఆ మాటనే మనస్సుతో చూచుటకు వాడుకొనిరి. నేడు శాస్త్రజ్ఞులు నోటినిండ పలుకు ‘థియరీ’ పుట్టినది ఈ తిరునాళ్ల దారిలోనే.

దూతలు చాటునది దినము మాత్రమే కాదు, సంధి కూడ. ఈ సంధి వలన దేశమందలి యుద్ధములన్నియు ఆగిపోయెనని తరచు వ్రాయుదురు. అది నిజము కాదు. యుద్ధములు సాగుచునే యుండెను. సంధి చెప్పునది రెండు మాటలే: పండుగకు పోవువానిని, తిరిగివచ్చువానిని ఎవ్వరును తాకరాదు; పండుగ జరుగు ఎలిస్ సీమపై ఆయుధము ఎత్తరాదు. ఎల్యూసిసు వ్రతమునకు ఇట్టి సంధి 55 దినములు. శత్రువుల పొలముల నడుమ నుండి పెండ్లాము పిల్లలతో నడచిపోవలసిన యాత్రికునకు ఈ కొలది మాటలే ప్రాణాధారము. మాట తప్పినవానికి శిక్షయు ఉండెను. సంధికాలమున ఎలిస్ సీమపై సేనను పంపిరను నేరమునకు స్పార్టావారికి సైనికునికి రెండు మినాల చొప్పున 2,000 మినాల వెండి జరిమానా విధించిరి. వారు చెల్లింపనందున, క్రీ.పూ. 420 నాటి ఒలింపియా ఉత్సవమున గ్రీసులోకెల్ల బలవంతులైన వారికి ప్రవేశము లేకపోయెను.

ఇక భోజనము. యవనుల విస్తరిలో ధాన్యము ప్రధానము; తక్కినదంతయు నంజుడు. యవల పిండితో చేసిన ముద్ద లేక అట్టు సామాన్యుని తిండి. గోధుమరొట్టె కొంచెము కలవారిది. చేప, జున్ను, ఉల్లి, ఒలీవకాయ ఆదిగా గలవన్నియు ‘ఒప్సోన్’, అనగా ఆధరువు. ఒకనాటి విందులో ఒక యువకుడు రొట్టె విడిచి ఆధరువే తినుచుండగా, సోక్రటీసు వానిని చూచి సభలో చురుక వేసిన కథ జెనొఫొను వ్రాసియున్నాడు. అన్నము తక్కువ, కూర ఎక్కువ తిను పిల్లవానిని మందలించు అమ్మమ్మకు ఆ తత్త్వవేత్త చుట్టమని అనిపించును. ద్రాక్షాసవమున నీరు కలుపకుండ త్రాగుట మోటుతనము. నేడు గ్రీకు భోజనశాలలలో విరివిగా వాడు టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండము నుండి వచ్చినవి. సోక్రటీసు వాని ముఖమెరుగడు.

మాంసము నిత్యభోజనము కాదు. అది బలిపీఠము నుండి రావలసినదే. తొడ యెముకలను కొవ్వులో చుట్టి దేవతలకు వేల్చి, మాంసమును జనులు పంచుకొనెడివారు. ఒలింపియాలో ఉత్సవమధ్యమున జ్యూసు దేవునకు నూరు ఎద్దులను బలి యిచ్చెడివారు. అచ్చటి పీఠము రాతిది కాదు, శతాబ్దుల బలుల బూడిదయే ఆల్ఫియసు నదీజలముతో మెత్తబడి గట్టిపడి కట్టిన దిబ్బ. క్రీ.శ. 2వ శతాబ్దిలో దాని యెత్తు 22 అడుగులు. ఇంటివద్ద ఏడాదిలో నాలుగైదు పూటలు మాంసము రుచిచూడని పేదకాపునకు ఆ దినమున దేవుని పంక్తిలో వాటా దక్కెను.

రుచుల కొరకే తిరిగినవాడును ఒకడు లేకపోలేదు. సిసిలీ ద్వీపపు గెలా నగరవాసి ఆర్కెస్ట్రాటసు క్రీ.పూ. 4వ శతాబ్దిలో ఏ రేవులో ఏ చేప మంచిదో, దానిని ఎట్లు వండవలెనో తెలుపు కావ్యమొకటి రచించెను. మంచి చేపపై జున్ను పోసి పాడుచేయు సిరక్యూసు వంటవానిని దగ్గరకు రానియ్యకుడని అతని హెచ్చరిక. ఆ కావ్యము నశించినది. ఎథీనియసు అను తిండిపుష్టిగల పండితుడు ఉదాహరించిన ముక్కలు మాత్రము మిగిలినవి.

విడిది విషయము కొంత నిదానముగా చెప్పవలసినది. గ్రీకు భాషలో ‘క్సెనోస్’ అను మాటకు పరదేశి అనియు అర్థము, అతిథి అనియు అర్థము. ఒకే మాటలో ఈ రెండును ఇముడుట సామాన్యము కాదు. తెలియనివాడు గుమ్మములో నిలిచినచో వానికి రక్షకుడు సాక్షాత్తు జ్యూసు. అతిథిదేవుడను అర్థముతో ఆయనకు ‘క్సెనియోస్’ అను బిరుదు. హోమరు కావ్యమున, అతిథికి స్నానము, భోజనము అయిన తరువాతనే ఆతిథేయుడు నీ పేరేమి, నీ ఊరేది అని అడుగును. పందుల కాపరియైన యుమియసు కూడ ఈ మర్యాద తప్పలేదు. స్నేహము కుదిరిన రెండు కుటుంబములు ఒక యెముకనో పలకనో రెండుగా విరిచి చెరియొక ముక్క ఉంచుకొనెడివి. తరము గడచిన పిదప మనుమడు ముక్క తీసికొని వచ్చి అతికి చూపినచో ఇల్లు వానిదే.

రోమక శిల్పి విట్రూవియసు మరియొక ముచ్చట చెప్పియున్నాడు. సంపన్నులైన గ్రీకులు అతిథిని మొదటి దినమున తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొని, మరునాటి నుండి కోళ్లు, గ్రుడ్లు, కూరలు, పండ్లు వానికి విడిగా ఇచ్చిన గదులకు పంపెడివారట. ఇది మన స్వయంపాకము వంటిదే! అతిథి మొగమాటము లేక తన యింట ఉన్నట్లు ఉండవలెనని వారి తలంపు. ఆ కానుకలను చిత్రించిన బొమ్మలకు కూడ ‘క్సెనియా’ అనియే పేరు.

ఇంటి మర్యాద నుండి ఊరి మర్యాద పుట్టెను. ఏథెన్సులో ఉన్న ఒక పౌరుడు స్పార్టావారి మంచిచెడ్డలు చూచుకొనును. తీబ్సులో ఉన్నవాడొకడు ఏథెన్సువారికి దిక్కగును. వీనిని ‘ప్రొక్సెనోస్’ అనిరి. ఏథెన్సు సేనాని కైమను స్పార్టాకు ఇట్టి బంధువై, తన కుమారునికి లాకిడెమోనియసు అని ఆ దేశపు పేరే పెట్టెను. జనసమ్మర్దము పెరిగినకొలది ఇండ్లు చాలలేదు. డబ్బు పుచ్చుకొను పూటకూళ్ల యిండ్లు వెలసెను. దానికి ‘అందరిని చేర్చుకొనునది’ అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. పేరు ఉదారమే గాని, నల్లుల సంగతి మనము మొదటనే వింటిమి.

ఒలింపియా యాత్రికుని కష్టములు ఇంతంత కావు. ఎండ, దుమ్ము, ఇరుకు, స్నానమునకు నీరు లేదు, త్రాగుటకును కష్టమే. బలిమాంసమునకు ముసరు ఈగలను పారద్రోలుమని ‘ఈగల నివారకుడు’ అను పేర జ్యూసుకే ఒక పూజ. మాట వినని బానిసను, నిన్ను తిరుగలికి పంపను, ఒలింపియాకు పంపెదనని ఒక యజమానుడు బెదరించెనని ఏలియను వ్రాసిన కథ కలదు. ఇంత చెప్పియు, ఇవన్నియు సహించి పోవుచునే యున్నారు గదా అని ఎపిక్టెటసు తన శిష్యులను అడిగెను.

ఈ పరిస్థితిలో క్రీ.పూ. 330 ప్రాంతమున నాక్సోసు ద్వీపవాసి లియోనిడాసు తన సొంత ధనముతో ఒలింపియాలో ఒక విడిదిని కట్టించెను. పొడవు వెడల్పులు 81, 75 మీటర్లు; వెలుపల చుట్టును 138 స్తంభములు; నడుమ ముంగిలి, దాని చుట్టును 44 స్తంభములు; వరుసగా గదులు. ఇది సామాన్య యాత్రికునకు దక్కినది కాదు, గొప్పవారికి, రాయబారులకు. రోమకుల కాలమున అధికారులు దానిలో దిగిరి. సామాన్యుడు చెట్టు క్రిందనో గుడారములోనో పండుకొనుచునే యుండెను. అయినను, ఆలయము గాక, విగ్రహము గాక, బసను దేవునికి కానుకగా సమర్పించిన ఆ మనుష్యుని బుద్ధిని మేము మెచ్చుకొనుచున్నాము.

నీటి కొరత మరి నాలుగు శతాబ్దులకు పైగా సాగెను. క్రీ.శ. 2వ శతాబ్ది మధ్యమున ధనికుడైన హెరోడీసు అట్టికసు దూరము నుండి నీటిని తెప్పించి కొలను కట్టించెను. అతని భార్య రెజిల్లా డెమీటరు దేవత పూజారిణి. వివాహిత స్త్రీలకు ప్రవేశము లేని ఆ పందెములను చూచుటకు ఆ పూజారిణి యొక్కతెకే అధికారము. ఆ నీటిని జ్యూసుకు సమర్పించినట్లు రెజిల్లా పేరనే శాసనమున్నది. పెరిగ్రినసు అను సన్యాసి మాత్రము, ఈ నీటి వలన గ్రీకులు సుకుమారులగుదురని నిందించెను. అతడు ఆ నీరు త్రాగుచునే ఉపన్యసించెనని ల్యూషియను పరిహాసము. దప్పిక యెరిగిన జనులు రాళ్లెత్తగా, అతడు పరుగెత్తి బలిపీఠమును ఆశ్రయించెను. నాలుగేండ్ల తరువాత వచ్చి ఆ దాతనే స్తుతించెను.

ఇంతవరకు చెప్పిన మర్యాదకు రెండవ ముఖము ప్లేటియాలో కనబడును. క్రీ.పూ. 479లో గ్రీకులందరు కలిసి పారసీకులను ఓడించినది ఆ చిన్న యూరి పొలములలోనే. ఈ యూరిని ఎవ్వరును బాధింపరాదని అప్పుడు స్పార్టా సేనానియే దేవతల యెదుట మాట యిచ్చెను. అర్ధశతాబ్ది గడచెను. స్పార్టావారే వచ్చి ముట్టడించిరి. క్రీ.పూ. 427లో తిండిలేక ఊరు లొంగిపోయెను. పట్టుబడినవారిని ఒక్కొక్కరిని పిలిచి ఒకే ప్రశ్న వేసిరి: ఈ యుద్ధములో స్పార్టాకుగాని దాని మిత్రులకుగాని నీవేమైన ఉపకారము చేసితివా? లేదనినవానిని లేదనినట్లే చంపిరి. ప్లేటియావారు 200 మందికి తగ్గక, వారికి తోడున్న ఏథెన్సువారు 25 మంది హతులైరి. స్త్రీలు బానిసలైరి. తరువాత ఊరిని పునాదులతో పెరికివేసి, హెరా దేవత గుడి ప్రక్కన ఒక విడిదిని కట్టిరి. చదరముగా ప్రక్కకు 200 అడుగులు. క్రిందను మీదను చుట్టును గదులు. కప్పులకును ద్వారములకును చచ్చినవారి యిండ్ల కలపనే వాడిరి. ఊరిలో దొరికిన ఇత్తడి, ఇనుములతో మంచములు చేయించి దేవతకు సమర్పించిరి.

థూసిడైడీసు ఈ వృత్తాంతమును వ్యాఖ్య లేకుండ చెప్పి ఊరకున్నాడు. హెరా ఉత్సవమునకు వచ్చిన యాత్రికుడు ఆ గదిలో సుఖముగానే నిదురించియుండును. తలుపు బిగువుగా ఉన్నదనియు, మంచము గట్టిదనియు ఊరికి పోయి చెప్పియుండును. ఆ తలుపు నిన్నమొన్నటి వరకు ఎవరి వాకిలిదో అతడు అడిగెనో లేదో. పండుగ, విందు, విడిది, దర్శనీయమగు ఆలయము, నాలుగును అచ్చట అమరియే యున్నవి. తొలగినది ఇంటివాడొక్కడే.

ఒలింపియాయు శుద్ధముగా నిలువలేదు. క్రీ.పూ. 364లో పందెములు జరుగుచుండగనే ఎలిస్‌వారును ఆర్కేడియావారును పవిత్రవనములోనే కత్తులు దూసిరి.

దర్శనీయముల మాట కొంచెము. ప్రాచీనులకు కూడ అవి ప్రాచీనములే. క్రీ.శ. 2వ శతాబ్దిలో పాసేనియసు గ్రీసు నెల్ల తిరిగి పది సంపుటముల యాత్రాగ్రంథము వ్రాసెను. ఒలింపియాలో హెరా గుడిలో ప్రాక్సిటలీసు చేసిన హెర్మీసు విగ్రహమున్నదని అతడు చెప్పగా, 1877లో జర్మను పండితుల త్రవ్వకములలో ఆ గుడిలోనే అట్టి పాలరాతి విగ్రహము బయటపడెను. దారిచూపు గైడులు అప్పుడును ఉండిరి. డెల్ఫీలో వారు తమ కంఠపాఠమును క్లుప్తము చేయుమనినను చేయక, ప్రతి శాసనమును చదివి వినిపించిరని ప్లూటార్కు వాపోయెను. గడియారము చూచుకొని ప్రసంగము ముగింపవలసిన మాబోటివారికి వారి స్వాతంత్ర్యమును చూడ కొంత అసూయ కలుగును.

ఏథెన్సులో ఆ కాలపు యాత్రికులకు చూపిన వానిలో ఒకటి మనది. అది ‘భారతీయుని సమాధి’. క్రీ.పూ. 20 ప్రాంతమున అగస్టసు చక్రవర్తి కడకు వచ్చిన భారతీయ రాయబారులతో బరుకచ్ఛము నుండి, అనగా నేటి భరూచి నుండి, ఒకడు వచ్చెను. స్ట్రాబో అతని పేరును జర్మనోకెగస్ అని వ్రాసెను. శ్రమణాచార్యుడని కొందరి ఊహ. అగస్టసు ఉన్నందున ఎల్యూసిసు వ్రతమును అకాలమున జరిపి, ఈ పరదేశికి కూడ దీక్ష ఇచ్చిరని డయో చరిత్ర. పిమ్మట అతడు ఏథెన్సులో అగ్నిప్రవేశము చేసెను. నూరేండ్లకు తరువాత ప్లూటార్కు నాటికి కూడ ఆ సమాధిని చూపుచుండిరి. పాతికవేల ఆలోచనలు కలిగించు ఈ కథను మరియొకప్పుడు చెప్పుకొందము.

క్రీ.శ. 4వ శతాబ్ది చివర రోమక చక్రవర్తులు ప్రాతదేవతల పూజలను నిషేధించిరి. వరదమట్టి ఒలింపియాను కప్పివేసెను. 1875లో త్రవ్వకములు మొదలైన పిదప లియోనిడాసు విడిది పునాదులు వెలువడినవి. ఎపిడారసులోను నాలుగు ముంగిళ్లు, 160 గదులు గల మరియొక విడిది పునాదులు కలవు. 1950లలో అచ్చటి ప్రాచీన రంగస్థలమున నాటకోత్సవములు మరల ఆరంభమై నేటికిని వేసవిలో జరుగుచున్నవి. ఆ దశాబ్దిలోనే గ్రీకు ప్రభుత్వము యాత్రికుల కొరకు పెక్కుచోట్ల హోటళ్లు కట్టించి, వానికి ‘క్సెనియా’ అని ప్రాతపేరే పెట్టెను. వానిలో కొన్ని తరువాత పాడుపడినవి. నేటి గ్రీకు భాషలో హోటలు అను మాటలో సైతము ఆ ‘క్సెనోస్’ ఉన్నాడు.

శ్రోతలలో ఎవరైన ఆ దేశమునకు పోవు పక్షమున, పార్థెనాను స్తంభములను చూడుడని మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఒలింపియాలో గుడులన్నియు చూచిన తరువాత, నైరుతి మూలనున్న లియోనిడాసు విడిది వద్ద కొంతసేపు నిలువుడు. తీబ్సు వైపు పోవునప్పుడు దారి కొంచెము మరలి ప్లేటియా గోడలను చూచిపొండు.

ఇక ఆ పూటకూళ్లమ్మ సంగతి మిగిలినది. డయొనైససు హెరాక్లీసు వేషమున పాతాళము చేరగానే ఆమె గుర్తుపట్టి పట్టుకొనెను. వెనుక వచ్చినప్పుడు పదునారు రొట్టెలు, ఇరువది మాంసపు తునకలు, చేపలు, వెల్లుల్లి తిని, జున్నును బుట్టలతో సహా మ్రింగి, వెల అడుగగా కన్నులెర్రచేసి కత్తి దూసి, చాపలు కూడ ఎత్తుకొని పారిపోయినవాడు ఇతడే యని ఊరందరిని పిలిచెను.